కొత్తవాళ్ళకి వికీపీడియా నేర్పిస్తే ఒక్కళ్ళూ నిలబడట్లేదు, ఎక్కడ తేడా కొడుతోంది?

అరసున్న
వికీపీడియాలో రాయడం నేర్పిస్తానని కిందటి నెల తొమ్మిదిమందిని పోగేసి కూర్చోబెట్టా. రెండు గంటల క్లాసు. స్లైడ్లు వేసి ఐదు మూలస్తంభాలు, అంటే వికీ మూలసూత్రాలు చెప్పా, తటస్థ దృక్కోణం చెప్పా, విషయ ప్రాముఖ్యత, కాపీహక్కులు, మూసలంటే (పేజీల్లో పెట్టే రెడీమేడ్ ముక్కలు) ఏంటి, వర్గాలంటే ఏంటి, ఏదీ వదల్లేదు. అందరూ బుద్ధిగా తలలూపారు. చివర ఓ ఇరవై నిమిషాలు మిగిలితే ఖాతాలు తెరవమన్నా. ఆరుగురికి తెరుచుకుంది, ఏడో అమ్మాయి దగ్గర ఆగిపోయింది, ఇంక ఎంత కొట్టినా అవ్వదు. ఒకే కనెక్షన్ నుంచి రోజుకి ఆరు ఖాతాలే తెరవనిస్తుందని నాకు ఆ క్షణందాకా తెలీదు. అందరి ముందు పరువు పోయింది, అది వేరే సంగతి.

ఇవాళ కూర్చుని ఆ ఆరుగురి రచనల జాబితాలు చూశా. అందరివీ కలిపి పద్నాలుగు దిద్దుబాట్లు, పద్నాలుగూ ఆ రోజువే. ఐదు రద్దయ్యాయి. ఆ తర్వాత ఒక్కళ్ళూ ఆ వైపు తొంగి చూళ్ళేదు. తప్పు నాదా, వాళ్ళదా, రద్దు చేసినవాళ్ళదా? వచ్చే నెల ఇంకో నలుగురు నేర్పమని అడుగుతున్నారు, ఇదే వరసైతే నావల్ల కాదు బాబోయ్ అందామనుంది.

ఎర్రలింకు
గంటా నలభై నిమిషాలు స్తంభాలు చూపించి తలుపెక్కడుందో చెప్పకపోతే ఎలా గురూ

మూలవిరాట్టు
రద్దు చేసినవాళ్ళ మీదకి నెట్టేముందు ఆ ఐదు దిద్దుబాట్లలో ఏముందో కూడా చెప్పండి. ఇటీవలి మార్పులు రోజూ చూసేవాణ్ణి, నాకు ఊహకి అందుతూనే ఉంది, అయినా మీ నోటితో వింటా.

అరసున్న
దాపరికమేముంది. ఒకటి, పేపర్లో వచ్చిన రెండు పేరాలు ఉన్నదున్నట్టు దించేశాడు ఒక కుర్రాడు. రెండు, ఒకాయన వ్యాసం మొదట్లో తన పేరు కొట్టి పడుతుందో లేదో చూశాడు. మూడు, ఓ రచయిత పుట్టిన సంవత్సరం మార్చారు, మూలం ఇవ్వలేదు. మిగతా రెండూ ఒకే అమ్మాయివి, ఓ గాయని వ్యాసంలో పేరొచ్చిన ప్రతిచోటా గారు చేర్చింది, ఎవరో తీసేస్తే మళ్ళీ చేర్చింది.

మూలవిరాట్టు
ఐదుకి ఐదూ తియ్యాల్సినవే. ఇందులో వికీ తప్పేముందండీ?

ఒత్తులరాణి
తియ్యాల్సినవే, ఒప్పుకున్నా. తీసేటప్పుడు దిద్దుబాటు సారాంశంలో, అదే మార్పు ఎందుకో చెప్పే చిన్న లైనులో, ఏం రాశారు? అది చెప్పు బాబూ అరసున్నా.

అరసున్న
నాలుగింటికి ఏమీ లేదండీ, దానంతటదే పడే లైనే, ఫలానావారి కూర్పును రద్దు చేశారు అని. పేపరు కాపీకి మాత్రం "కాపీహక్కుల ఉల్లంఘన" అని ఉంది. ఆ కుర్రాడు రాత్రి పదకొండింటికి నాకు ఫోన్ చేసి సార్ నామీద కేసేమైనా అవుతుందా అనడిగాడు.

ఎర్రలింకు
హహహ పాపం. వికీలో మొదటి రోజే ముద్దాయి

ఒత్తులరాణి
నవ్వకు, నేనూ అలా భయపడ్డదాన్నే. నాకు పేరా మొదలెట్టేటప్పుడు కాస్త జాగా వదలడం అలవాటు, బళ్ళో అలాగే నేర్పారు. వికీలో మొదటిసారి రాసినప్పుడూ స్పేస్ రెండుసార్లు కొట్టి పేరా మొదలెట్టా. ప్రచురించు నొక్కితే ఏముంది, పేరా మొత్తం ఓ బూడిదరంగు డబ్బాలోకి పోయింది, అక్షరాలు టైపు మిషను మీద కొట్టినట్టు మారిపోయాయి, పైగా లైను విరగకుండా ఒకటే బారుగా కుడిపక్కకి తెర దాటి పోయింది. ఎక్కడ ఆగుతుందా అని పక్కకి జరుపుతూనే ఉన్నా. ఎవరి సైటో పాడుచేసేశానని కంగారుపడి ల్యాప్‌టాప్ మూసేశా. సోర్సులో, అంటే వికీ కోడు కనపడేచోట, లైను మొదట ఖాళీ వదిలితే అలా డబ్బా కడుతుందని ఎవరికి తెలుసు?

మర్నాడు భయం భయంగా తెరిస్తే డబ్బా లేదు. ఆ పేజీ మార్పుల చరిత్రలోకి వెళ్తే ఎవరో ఆ ఖాళీ ఒక్కటి తీసేసి సారాంశంలో "లైను మొదట ఖాళీ ఉంటే ఇలా డబ్బాలా వస్తుంది, తీశాను, రాస్తూ ఉండండి" అని పెట్టారు. ఆ ఒక్క లైనుకి ఇన్నేళ్ళుగా ఇక్కడే పడున్నా. రాసినాయనకి ఈ సంగతి తెలీదు కూడా.

మూలవిరాట్టు
బావుందండీ, కాదనను. కానీ మీరు చెప్పేది ఒక్క దిద్దుబాటు సంగతి. రాత్రి నేను కూర్చునేసరికి చూడని మార్పులు కొండలా ఉంటాయి. అందులో సగం మంచివే, మిగతా సగంలో బూతులు, ఫోన్ నంబర్లు, మా సంస్థ నంబర్ వన్ అనేవి, హీరో పేరు పక్కన బిరుదులు. వాటి మధ్యలో ఓ అమాయకుడు ఉంటాడు నిజమే. వాణ్ణి వెతికి పట్టుకుని బుజ్జగించే ఓపిక, టైము రెండూ ఉండవు. జీతమా నాతమా. నా పని చెయ్యడానికి ఇంకో ముగ్గుర్ని పంపండి, అప్పుడు ఒక్కొక్కళ్ళకీ ఉత్తరం రాస్తా.

గోడమీదపిల్లి
ఇంకో ముగ్గురు రావాలంటే వచ్చినవాళ్ళు ఉండాలి కదన్నా... గుడ్డు ముందా పిల్ల ముందా

చరిత్రపుట
మూలవిరాట్టు చెప్పింది ఒక్క తెలుగు వికీ గోలే కాదు. ఇంగ్లీషు వికీపీడియా 2001 జనవరి 15న మొదలైతే, క్రమం తప్పకుండా రాసేవాళ్ళ సంఖ్య 2007లో గరిష్ఠానికి చేరి అక్కణ్ణుంచి తగ్గుతూ పోయింది. ఎందుకా అని తవ్వితే తేలినవాటిలో ముఖ్యమైంది ఇదే. ఆకతాయి రాతల్ని ఆపడానికి ఒక్క నొక్కుతో రద్దు చేసే పనిముట్లు, రెడీమేడ్ హెచ్చరికలు తయారుచేసుకున్నారు. బానే పనిచేశాయి, పేజీలు శుభ్రంగా ఉన్నాయి. కానీ మంచి ఉద్దేశంతో వచ్చి తెలీక తప్పు చేసినవాడికీ అదే దెబ్బ పడింది, వాడు మళ్ళీ రాలేదు. కొత్తవాళ్ళని కరవొద్దు అని అక్కడ ఒక మార్గదర్శకమే ఉంది. ఆ పేజీ ఉండగానే కరిచారు.

2012లో అక్కడ టీహౌస్ అని ఓ పేజీ పెట్టారు, కొత్తవాళ్ళు ఎంత చిన్న ప్రశ్నయినా అడగొచ్చు, జవాబిచ్చేవాళ్ళు మర్యాదగా ఇవ్వాలి. తర్వాత చాలా వికీల్లో కొత్తవాడుకరికి ఒక హోంపేజీ, అందులో ఒక మెంటరు, చెయ్యదగ్గ చిన్న చిన్న పనులు, ఇవన్నీ వచ్చాయి. అరసున్నా, మీ ఆరుగుర్లో ఎవరైనా ఆ హోంపేజీ తెరిచారా?

అరసున్న
నేనే చూపించలేదు. స్లైడ్లో లేదు.

ఎర్రలింకు
ఆ స్లైడ్లకి తొలగింపు మూస పెట్టండి ఎవరైనా

బఠానీ
నేను వచ్చి పోయినవాణ్ణి కాబట్టి నా గోడు కూడా వినండి. ఒక పెద్ద శాస్త్రవేత్త గురించి వ్యాసం రాశా, మూలాలిచ్చి మరీ. నాలుగు రాత్రులు పట్టింది. ఆయన అంటే నాకు దేవుడితో సమానం, కాబట్టి ఆయన జన్మించారు, ఆయన కనుగొన్నారు, ఆయన పరమపదించారు అని రాశా. పొద్దున్న లేచి చూస్తే అతను పుట్టాడు, కనుగొన్నాడు, మరణించాడు. ఒక్క మాట చెప్పలేదు. మా నాన్నని పట్టుకుని ఎవరో ఒరేయ్ అన్నట్టుంది. ఇలాంటి మర్యాద తెలీని చోట నాకేం పని అని లేచొచ్చేశా. ఇప్పుడు ఈ చర్చలో ఆ అమ్మాయి సంగతి చదువుతుంటే నాకు మళ్ళీ ఒళ్ళు మండుతోంది.

మూలవిరాట్టు
అది మర్యాద తెలీక కాదు, పద్ధతి. ఏకవచన ప్రయోగం మీద పాలసీ ఉంది, చర్చించి పెట్టుకున్నది.

బఠానీ
ఉందని మీకు తెలుసు. నాకెవరు చెప్పారు?

చరిత్రపుట
బఠానీ, ఇప్పుడు చెప్తా విను, నచ్చకపోతే తిట్టు. బళ్ళో చరిత్ర పాఠం గుర్తుందా? అశోకుడు కళింగ మీద దండెత్తాడు అని చదువుకున్నాం. దండెత్తారు అనలేదు. అశోకుడి మీద గౌరవం లేకనా? విజ్ఞాన సర్వస్వం ఎవరి పక్కనా నిలబడదు. ఒకరికి గారు పెడితే ఇంకొకరికి ఎందుకు పెట్టలేదనే తగువు వస్తుంది, ఎవరికి పెట్టాలో ఎవరు తేలుస్తారు? నియంతకి పెడతామా? హత్య కేసులో శిక్ష పడ్డవాడికి? నీ శాస్త్రవేత్తకి పెట్టి పక్కవాడి అభిమాన నటుడికి పెట్టకపోతే వాడు ఊరుకుంటాడా? అందుకని ఎవరికీ వద్దు, అతను, ఆమె, అంతే. ఆయన గొప్పతనం ఆయన చేసిన పనుల పేరాలో కనపడుతుంది, క్రియాపదం చివర కాదు.

బఠానీ
...అశోకుడి ముక్క బావుంది. అప్పుడు ఎవరైనా ఇది చెప్పుంటే ఉండేవాణ్ణేమో.

గోడమీదపిల్లి
నాకైతే ఇప్పటికీ మరణించాడు అంటే చెవికి గరుగ్గానే ఉంది. లాజిక్ అర్థమైంది, చెవి ఒప్పుకోవట్లేదు.

ఒత్తులరాణి
చెవికి టైము పడుతుంది. నాకు ఏడాది పట్టింది. అరసున్నా, ఆ గాయని వ్యాసం అమ్మాయికి ఈ అశోకుడి వాక్యం ఎవరైనా చెప్పారా?

అరసున్న
స్లైడ్లో ఏకవచనం వాడాలి అని ఒక లైనుంది. ఎందుకో చెప్పలేదు. వాళ్ళూ అడగలేదు.

నడిరాత్రి
ఇంకో సంగతి ఎవరూ ఎత్తట్లేదు. మీరంతా కంప్యూటర్ ముందు కూర్చుని మాట్లాడుతున్నారు, ఇవాళ కొత్తగా వచ్చేవాడు ఫోన్లో వస్తాడు. నేను మొత్తం ఫోన్లోనే రాస్తా. చర్చ పేజీలో సంతకం పెట్టు, నాలుగు టిల్డాలు (~ గుర్తు) కొట్టు అన్నారు నాకు. ఫోన్ కీబోర్డులో టిల్డా ఎక్కడుందో వెతకలేక అలాగే కనపడుతోంది కదాని నాలుగు అడ్డగీతలు కొట్టా. పేజీకి అడ్డంగా ఈ చివర్నుంచి ఆ చివరికి పెద్ద గీత పడింది.

ఎర్రలింకు
సంతకం పెట్టమంటే సరిహద్దు గీశావ్

నడిరాత్రి
అదే. కింద ఇంకొకాయన "పైన గీత ఎవరు గీశారు" అని అడిగాడు, నేను కిక్కురుమనలేదు. ఇప్పుడు రిప్లై లింకు నొక్కితే సంతకం దానంతటదే పడుతుంది, కొత్తవాళ్ళకి అదొక్కటే చూపించండి, టిల్డాల పాఠం చెప్పకండి.

చరిత్రపుట
ఫోన్ అన్నావ్ కాబట్టి టైపింగ్ సంగతి కూడా. తెలుగులో కొత్తవాడు పడే పెద్ద గొయ్యి ఇది, ఇంగ్లీషువాళ్ళకి లేని బాధ. సాఫ్ట్‌వేర్ అని రాయాలంటే ట కింద వ ఒత్తు పడకుండా మధ్యలో ఓ కనపడని అక్షరం కొట్టాలి. కొట్టకపోతే సాఫ్ట్వేర్ అవుతుంది. మనిషి రెండూ ఒకేలా చదువుతాడు, కంప్యూటర్‌కి రెండూ వేరు మాటలు. కొత్తవాడు ఒత్తుతో వెతుకుతాడు, సరిగ్గా ఆ పేరుతో పేజీ తగలదు, అరె తెలుగులో ఇది లేనే లేదే అని సంబరంగా మొత్తం వ్యాసం రాస్తాడు. తీరా చూస్తే ఒత్తు లేని పేరుతో అంతకంటే పెద్ద వ్యాసం ఎప్పట్నుంచో ఉంది. వాడి పేజీ ఆ పాత వ్యాసానికి పంపే దారిమార్పు అయి కూర్చుంటుంది. వాడు రాత్రంతా రాసింది ఒక్క లైను అయిపోతుంది. ఏ స్లైడూ దీన్ని చెప్పదు. వ్యాసం మొదలెట్టేముందు రెండు మూడు స్పెల్లింగులతో వెతకమనండి, ఇంగ్లీషు వ్యాసం తెరిచి భాషల జాబితాలో తెలుగు ఉందో లేదో చూడమనండి, ఇంకా నయం.

గోడమీదపిల్లి
అందుకేనా నేను వెతికితే సగం వ్యాసాలు దొరకవు

మూలవిరాట్టు
దారిమార్పు చేసినప్పుడు వాడి పేజీలోంచి పనికొచ్చే వాక్యాలు పాత వ్యాసంలోకి తెచ్చి, ఎవరు రాశారో సారాంశంలో చెప్పాలి. నేను తెస్తా. అందరూ తేరు, అది తప్పే.

ఒత్తులరాణి
స్లైడ్ల మీద పడి ఏడుస్తున్నాం గానీ ఎలా నేర్పాలో ఎవరూ చెప్పట్లేదు. ఈమధ్య ఒకావిడకి నేర్పిన వైనం చెప్తా, నచ్చితే తీసుకో అరసున్నా, లేకపోతే లేదు.

ఆవిడకి పక్షులంటే ప్రాణం. బాగా తెలిసిన పక్షి ఏదంటే లకుముకి పిట్ట అంది. ఆ వ్యాసం తెరిచి, ఏమీ మార్చకు, ఊరికే చదువు, ఎక్కడ చిరాకేస్తే అక్కడ ఆగు అన్నా. రెండు నిమిషాలు చదివి, ఇదేంటండీ గూడు గురించి ఒక్క ముక్క లేదు, ఇది అన్ని పిట్టల్లా చెట్టు మీద కట్టదు కదా, ఏటి గట్టు మట్టిలో బొరియ తవ్వి అందులో గుడ్లు పెడుతుంది అంది. ఎక్కడ చదివావు అన్నా. పుస్తకం తన దగ్గరే ఉంది. ఏ పేజీ అన్నా. లేచి వెళ్ళి తెచ్చింది. మూలాలు ఇవ్వాలి అని నేను ఒక్కసారి కూడా అన్లేదు చూడు, ఆవిడే చేత్తో పుస్తకం పట్టుకుని కూర్చుంది.

విజువల్ ఎడిటర్‌లో సవరించు నొక్కించా, అందులో కోడు లేకుండా పేజీ ఎలా కనపడుతుందో అలాగే రాయొచ్చు. ఒక్క వాక్యం రాయించా. మౌసు నేను ముట్టుకోలేదు. మూలం చేర్చే గుర్తు ఎక్కడుందో వెతుక్కుంటుంటే నా చెయ్యి ఎంత దురదపెట్టిందో, చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నా. దొరికింది. రచయిత పేరు, పుస్తకం పేరు, సంవత్సరం, పేజీ నింపింది. సారాంశంలో ఏం రాయాలి అంటే పక్కింటామెకి చెప్తే ఎలా చెప్తావో అలా రాయి అన్నా. "గూడు ఎక్కడ పెడుతుందో రాశాను" అని రాసి ప్రచురించింది.

ఇప్పుడు అసలు పాఠం. చరిత్ర తెరిచి ఆవిడ దిద్దుబాటుని ఆవిడ చేతే రద్దు చేయించా. అయ్యో పోతుందేమోనండీ అంది. రద్దు చెయ్యి, ఏం కాదు అన్నా. చేసింది, వాక్యం మాయమైంది. మళ్ళీ చరిత్రలోకి పంపి ఆ రద్దుని రద్దు చేయించా. వాక్యం తిరిగొచ్చింది, మూలంతో సహా. రెండుసార్లు చేసేసరికి ఆవిడకి భయం పోయింది. రద్దు అంటే కొట్టడం కాదు, ముందున్న కూర్పుకి తిరిగెళ్ళడమే, ఆ బొత్తానికి అంతకంటే వేరే అర్థం లేదు, ఇక్కడ ఏదీ పోదు అని. వారం తర్వాత ఎవరో ఆవిడ రాసింది నిజంగానే తీసేశారు. నాకు ఫోన్ రాలేదు. తనే చర్చ పేజీలో ఎందుకు తీశారండీ అనడిగింది.

ఎర్రలింకు
తొడల కింద చేతులు అన్న చోట నేను లేచి నిలబడ్డా. మా బావకి నేర్పిస్తానని మొత్తం నేనే టైపు చేసి చూశావా ఎంత ఈజీయో అన్నా. చూశాను అన్నాడు. అంతే, చూసి వెళ్ళిపోయాడు

చరిత్రపుట
ఒక్కటి మాత్రం ఒప్పుకోను రాణిగారూ. విజువల్ ఎడిటర్‌తోనే మొదలెడితే సోర్సు అంటే జన్మలో దగ్గరికి రారు. మూస ఎక్కడైనా విరిగితే చేతులెత్తేస్తారు. నేను మొదటిరోజే సోర్సు చూపిస్తా.

ఒత్తులరాణి
ఎంతమంది మిగిలారు మీ దగ్గర?

చరిత్రపుట
ఒకడు. కానీ వాడు ఇప్పుడు మూసలే రాస్తున్నాడు.

ఒత్తులరాణి
వాడు మీరు నేర్పకపోయినా రాసేవాడు బాబూ.

నడిరాత్రి
నాదో చిన్న గోల. కొత్తవాడు సహాయం అడిగితే పాతవాళ్ళు ముగ్గురు ఒకేసారి దిగిపోతారు. నేను ఫోన్లో పేరా రాస్తూ ఉంటే మధ్యలో ఒకాయన వర్గాలు చేరుస్తాడు, ఇంకొకాయన కామాలు సరిచేస్తాడు, నేను ప్రచురించు నొక్కితే దిద్దుబాటు ఘర్షణ అని రెండు పాఠాలు పక్కపక్కన పెట్టి ఏది ఉంచాలి అంటుంది. అరచేతంత తెర మీద. రాసిందంతా కాపీ చేసుకుని పారిపోయా. ఓ గంట ఆగితే కామాలు ఎక్కడికి పోతాయి?

మూలవిరాట్టు
ఇది నేను చేస్తా, ఇకమీదట ఆగుతా. నా వీక్షణ జాబితాలో పెట్టుకుని మర్నాడు చూస్తా.

ఎర్రలింకు
మూలవిరాట్టు కదిలింది 🙏

మూలవిరాట్టు
ఎగతాళి ఆపు. నా వైపు నుంచీ ఒకటి చెప్పనివ్వండి. మెత్తగా ఉండమంటున్నారు, ఉంటాం. కానీ నేర్పేవాళ్ళు ఒక్క సాయం చెయ్యాలి. కొత్తవాడు మొట్టమొదట రాసేది తన గురించో తన బాబాయి గురించో తన సంస్థ గురించో కాకుండా చూడండి. అది ఎంత మెత్తగా తీసినా వాడికి నొప్పే, ఎందుకంటే తీసేది వ్యాసాన్నైనా వాడికి వాళ్ళ బాబాయిని తీసేసినట్టుంటుంది. బాబాయి మీద బాబాయితో సంబంధం లేనివాళ్ళు ఎక్కడైనా నాలుగు ముక్కలు వివరంగా రాశారా అని ముందే అడగండి. లేదంటే వేరే విషయం ఇవ్వండి. అలాగే కాపీ. పేపర్లోది మూలంగా ఇవ్వొచ్చు, దించకూడదు, ఈ తేడా క్లాసులో చేయించి చూపించండి. పేరా చదివించి, పేపరు మూయించి, గుర్తున్నది సొంత మాటల్లో రెండు వాక్యాలు రాయించండి. నా రాత్రుల్లో సగం ఈ రెండింటికే పోతాయి.

అరసున్న
పేపరు మూయించడం బావుంది. రాసుకున్నా.

బఠానీ
ఫోటోలు కూడా చెప్పండి. నెట్‌లో దొరికిన బొమ్మ వికీ ఫోటోల గిడ్డంగి కామన్స్‌లో ఎక్కిస్తే తీసేస్తారు, అదీ నాకు తగిలిన దెబ్బే. మనం తీసిందైతే హాయిగా ఉంటుంది. రాయడం భయమైనవాళ్ళకి సొంత ఫోటో పెట్టించడమే మొదటి పని చేస్తే సరిపోద్దేమో.

చరిత్రపుట
సరిపోద్ది. ఇంకా తేలికైంది, చరిత్ర పేజీలో ప్రతి దిద్దుబాటు పక్కనా థాంక్స్ చెప్పే లింకుంటుంది. కొత్తవాడి మొదటి మంచి దిద్దుబాటుకి అది నొక్కండి, అరనిమిషం పని. స్వాగతం మూసలో ముప్ఫై లింకులున్నా ఎవరూ చదవరు, ఒక మనిషి తను రాసింది చూశాడని తెలిస్తే మాత్రం మళ్ళీ తెరుస్తాడు.

గోడమీదపిల్లి
నేను ఒకటి అడగనా, నవ్వొద్దు. నాలుగేళ్ళుగా చదువుతున్నా, ఒక వ్యాసంలో ఒక అచ్చుతప్పు రోజూ కనపడుతుంది, పర్యావరణం బదులు పర్యవరణం అని. దిద్దొచ్చా? పర్మిషన్ ఏమీ అక్కర్లేదా?

ఒత్తులరాణి
దిద్దు. ఇప్పుడే. మేమెవరం ముట్టుకోం.

ఎర్రలింకు
చేతులు తొడల కింద పెట్టుకున్నా

గోడమీదపిల్లి
చేశా!! ఏమీ పేలలేదు

అరసున్న
నెల దాటింది, ఏమైందో చెప్పాలి కదా. ఈసారి నలుగురు. ఖాతాలు ముందురోజే ఎవరింట్లో వాళ్ళని తెరుచుకు రమ్మన్నా. స్లైడ్లు లేవు. ఒక్కొక్కళ్ళకీ తెలిసిన విషయం మీద వ్యాసం తెరిపించి చదివించా. ఒకాయన చదివి నాకేం చిరాకెయ్యలేదండీ అంతా బావుంది అన్నాడు, ఆయన్ని ఏం చెయ్యాలో రాణిగారు చెప్పలేదు, సరే లింకులు చేర్చమన్నా. మిగతా ముగ్గురూ ఒక్కో వాక్యం రాశారు మూలంతో. అందరిచేతా వాళ్ళ దిద్దుబాట్లు వాళ్ళచేతే రద్దు చేయించా. ఒకావిడ రద్దుని రద్దు చెయ్యడం మర్చిపోయి వెళ్ళిపోయింది, ఇంటికెళ్ళి గుర్తొచ్చి చేసింది, అది నా లెక్కలో తిరిగి రావడమే. నలుగుర్లో ఇద్దరు ఈ వారం కూడా ఏదో ఒకటి చేశారు. ఇద్దరే. పాత లెక్క సున్నా కాబట్టి నాకు చాలు.

అసలు చెప్పాలనుకున్నది వేరే. గారు చేర్చిన అమ్మాయికి వాడుకరి చర్చ పేజీలో నాలుగు లైన్లు రాశా. ముందు చెప్పకుండా క్లాసులో వదిలేసింది నేనే, సారీ అని, తర్వాత అశోకుడి ముక్క. పది రోజులు ఉలుకూ పలుకూ లేదు. నిన్న జవాబొచ్చింది. "అశోకుడికి కూడా గారు పెట్టొచ్చుగా, పెడితే ఏం పోతుంది? మరి ఇంటర్వ్యూలోంచి వాక్యం ఎత్తి కొటేషన్లో పెట్టినప్పుడు అందులో మాట్లాడినావిడ అమ్మగారు అని ఉంటే అదీ తీసేస్తారా?" అని. నాకు జవాబు తట్టలేదు. కొటేషన్ కదా, తియ్యకూడదనిపిస్తోంది. వికీలో అందరూ చర్చించుకునే రచ్చబండ పేజీలో అడగమన్నా. పొద్దున్న అడిగింది. మూలవిరాట్టు గారూ, మీరోసారి చూస్తారా?

ఎర్రలింకు
గారు అన్నావ్, రద్దు చేస్తాడు చూస్కో

బఠానీ
కొటేషన్లో ఉంటే ఉంచాల్సిందే, అందులో అనుమానమేంటి. ఆగండి, నేనే వెళ్ళి చెప్తా, పాస్‌వర్డ్ గుర్తు తెచ్చుకోనీండి

మూలవిరాట్టు
చూశా. కొటేషన్లో మాట మార్చకూడదు, అదే రాశాను కింద. ప్రశ్న బావుంది, సంతకం పెట్టడం మర్చిపోయింది. చేర్చాను.